గుర్రాలతోటలో సింహముఖ స్థలం

బాబాయిగారు పోయారని ఫోను వచ్చేసరికి నేను దాచేపల్లి దగ్గర ఒక మలుపులో నిలబడి ఉన్నాను. సిమెంటు లారీలు ఆ మలుపులో తరచు ఒరిగిపోతున్నాయని ఫిర్యాదులు రావడంతో, రోడ్డు బయటి అంచు లోపలి అంచుకంటే ఎంత ఎత్తున ఉందో కొలిపిస్తున్నాను. మలుపులో బయటి అంచును కొద్దిగా ఎత్తితే వాహనం లోపలికి వాలి స్థిమితంగా తిరుగుతుంది. ఈ సంగతి ఇంజనీరింగు పుస్తకాల్లో ఉంటుంది. నేను మాత్రం పుస్తకాలకు చాలా ముందే, గుంటూరు శివార్లలోని మా కాలనీలో, సైకిలు మీద నుంచి పడి మోకాలు చెక్కుకుపోయి ఏడుస్తున్నప్పుడు ఆయన నోట విన్నాను. "అది గుర్రం కోసం ఎత్తిన కట్ట అమ్మాయ్. దాంతో పోట్లాడకు. అది ఎటు వంచితే అటు వంగు" అన్నారు. మోకాలి గురించి ఒక్క మాటా అనలేదు.

ఫోను పెట్టేసి, మిగిలిన కొలతలు కూడా పూర్తి చేయించి, అప్పుడు కారెక్కాను. నా స్థానంలో ఆయన ఉన్నా అదే చేసి ఉండేవారు.

బాబాయి అనడమేగానీ ఆయన మాకు చుట్టం కాదు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. మా నాన్న మిషను బడిలో లెక్కల మాస్టారు. బాబాయిగారు టౌన్‌ప్లానింగు చదివినవారు. మా కాలనీ లేఅవుటు గీసింది ఆయనే కనుక కాలనీ అంతా ఆయన్ని 'ప్లానాయన' అనేది. ఎదురుపడితే 'ప్లానుగారూ' అనేది. ఆ పేరులో గౌరవం ఎంత ఉండేదో వెటకారమూ అంతే ఉండేది. వెటకారానికి కారణం చెప్పాలంటే ముందు ఆ నేల సంగతి చెప్పాలి.

మా కాలనీకి కాగితాల మీద ఉన్న పేరు వేరు. ఆటోవాళ్ళకూ బస్సు కండక్టర్లకూ అది గుర్రాలతోట. చుట్టూ పత్తీ మిరపా పండే నల్లరేగడి నేలలు. నడుమ కొంత మేర మాత్రం గట్టి ఎర్రగరువు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నోళ్ళు తెరుస్తుంది. ఆ పగుళ్ళలో కాలు పడితే గుర్రం బతుకు ముగిసినట్లే. అందుకని వెనకటి జమీందారు ఒకరు ఆ గరువును ఎంచి, అక్కడ గుర్రాలను పెంచి, మచ్చిక చేసి అమ్మేవారట. కార్లొచ్చాయి, బస్సులొచ్చాయి, గుర్రాలు కొనేవారు తగ్గారు. వారసులు ఆ నేలను ఉపాధ్యాయులూ గుమాస్తాలూ కలిసి పెట్టుకున్న ఇళ్ళ సొసైటీకి అమ్మేశారు. గుర్రాల కాలం నుంచి ఇప్పటికీ మిగిలినవి మూడే. ఒకటి, పెంకుల కప్పుతో పొడవాటి లాయం. అదే సొసైటీ ఆఫీసు. దాని గోడలకు గుర్రాలను కట్టే ఇనుప కడియాలు ఇంకా ఉన్నాయి, సభ్యులు వాటికి గొడుగులు తగిలిస్తారు. రెండు, గన్నేరు మొక్కలు పెంచుతున్న నీళ్ళ తొట్టి. మూడు, రౌండు.

రౌండు అంటే గుర్రాలకు నడక నేర్పిన గుండ్రటి మైదానం. దాని అంచు వెంబడి, బయటి వైపు కొద్దిగా ఎత్తు చేసిన మట్టిబాట ఉంటుంది. మా కాలనీలో వీధులన్నీ గళ్ళ కాగితంలా తిన్నగా సాగి, సరిగ్గా నడుమకు వచ్చేసరికి ఆ మైదానాన్ని చుట్టుకుని వలయమవుతాయి. ఆ వలయపు వీధికి రెండు వైపులా ఇళ్ళ స్థలాలు గీసి ఉన్నాయి. వలయానికి బయట ఉన్న స్థలానికి ముఖం ఇరుకు, వెనక వెడల్పు. దాన్ని గోముఖం అంటారు, ఇంటికి శ్రేష్ఠమంటారు. లోపల ఉన్న స్థలానికి ముఖం వెడల్పు, వెనక ఇరుకు. దాన్ని సింహముఖం అంటారు. అందులో కాపురముంటే ఇల్లు నిలవదంటారు. బయటి స్థలాలు వెంటనే అమ్ముడయ్యాయి. లోపల ఇల్లు కట్టుకున్నవారు లేరు. ఆ విధంగా రౌండు మొత్తం ఖాళీగా మిగిలిపోయింది.

"పాపం, ఎంత చదివినా వాస్తు తెలవదాయనకి. బంగారంలాంటి నేలని సింహానికి రాసిచ్చాడు" అని కాలనీ పెద్దలు నవ్వుకునేవారు. ఆయన వినేటట్లుగానే అనేవారు. ఆయన కాదనేవారు కాదు. "నిజమేనండీ, అప్పట్లో అంత తెలియలేదు" అని ఒప్పుకుని, గొడుగు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయేవారు.

ఆ గొడుగు గురించి చెప్పకపోతే ఆయన్ని చూపించినట్లు కాదు. వానకూ ఎండకూ దాన్ని ఆయన విప్పగా నేను చూడలేదు. అది ఆయనకు పెన్సిలు. ఎవరు ఏ సలహా అడిగినా గొడుగు మొనతో నేల మీద గీసి చూపేవారు. ఎవరింటికి వెళ్ళినా హాల్లో కూర్చునేవారు కాదు. తిన్నగా పెరట్లోకి నడిచి, అక్కడ నిలబడి ఇంటిని వెనక నుంచి చూసేవారు. "ముందువైపు చుట్టాల కోసం కడతారు. వెనకవైపే మీ కోసం కట్టుకున్నది" అనేవారు. అవతలివారి మాట సగంలో ఉండగానే "అట్లా కాదు, అట్లా కాదు" అని మొదలుపెట్టి, తీరా మాట పూర్తిగా విన్నాక "ఆఁ, అట్లాగే" అనడం ఆయన అలవాటు. రౌండును అడ్డంగా దాటి వెళితే ఆయన ఇల్లు దగ్గర. అయినా ఎప్పుడూ చుట్టూ తిరిగే వెళ్ళేవారు.

మిరపకాయల రోజుల్లో ఆయనకు పని పెరిగేది. కాలనీలో సగంమందికి ఊళ్ళల్లో పొలాలున్నాయి. తోటల నుంచి తెచ్చిన కాయలను ఆరబోయడానికి అంత చదునైన స్థలం చుట్టుపక్కల లేదు. ఎర్రటి కాయలను గుర్రాల బాట మీద పరుస్తున్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి గొడుగు ఊపేవారు.

"బాట మీద పొయ్యొద్దమ్మా. లోపల ఎంత చోటుందో చూడు, అక్కడ పోసుకో."

"లోపల సింహముఖమంటగా బాబాయ్, మా కాయలకి తగులుద్దేమో."

"గుంటూరు కాయ జోలికి ఏ సింహం వస్తుందమ్మా. తుమ్ముకుంటూ పారిపోదూ?"

వాళ్ళు నవ్వుతూ గోనెపట్టాలు లోపలికి లాక్కునేవారు. బాట ఖాళీ అయ్యేది. ఆ బాట ఆయనకు ఎందుకంత ముఖ్యమంటే, సాయంత్రం నాలుగున్నర దాటాక అది ఆయన బడి. కాలనీలో సైకిలూ స్కూటరూ నేర్చుకున్న ప్రతివారూ, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఆ బాట మీదే నేర్చుకున్నారు.

ఆయన నేర్పే పద్ధతి వేరు. అందరిలా సీటు పట్టుకుని వెనక పరుగెత్తేవారు కాదు. "పక్కన మనిషి ఉంటే బండిని కాకుండా ఆ మనిషిని నమ్ముకుంటారు" అనేవారు. ఆయన మైదానం సరిగ్గా నడుమ నిలబడేవారు. గొడుగు మా వైపు చాచి, మేము బాట వెంబడి తిరుగుతుంటే మాతోపాటు తానూ నిలబడ్డచోటే మెల్లగా తిరిగేవారు. గుర్రాన్ని మచ్చిక చేసేవాడు పొడవాటి తాడు పట్టుకుని నడుమ నిలబడే తీరు అది. తాడు మాత్రం లేదు. "చక్రం ముందు చూడకు. బాట ఎటు పోతోందో అక్కడ చూడు" అని అక్కడి నుంచే కేకవేసేవారు. ఇప్పుడు నేను రహదారి మలుపులు రూపొందించేటప్పుడు, డ్రైవరుకు ఎంత దూరం కనబడాలి అన్న లెక్క వేసిన ప్రతిసారీ ఆ కేక వినబడుతుంది.

మా అమ్మ చీర కుచ్చెళ్ళు బొడ్లో దోపుకుని మోపెడ్ నేర్చుకుంది అక్కడే. ఒక సాయంత్రం అదుపు తప్పి తిన్నగా మైదానం నడుమకు, ఆయన మీదకే వచ్చేసింది. ఆయన కదలలేదు. చివరి క్షణంలో అమ్మ ఎలాగో హ్యాండిలు తిప్పుకుంది. "చూశారా, తిప్పగలరు. ఇంతసేపూ తిప్పలేనన్నారు" అన్నారు. ఇంటికి వచ్చాక అమ్మ "ఆయనకి పిచ్చో ధైర్యమో అర్థం కాలేదు" అంది. మర్నాటి నుంచి తాను పాఠాలు చెప్పే బడికి మోపెడ్ మీదే వెళ్ళింది.

ఆయన భార్యను మేము పిన్నిగారు అనేవాళ్ళం. ఆమె మాట కారం. లేఅవుటు గీసిన మనిషి ఆ కాలనీలోనే ఒక మేడ మీద అద్దెకుండటం అందరికీ వింతే. పిసినారి అనేవారు కొందరు. పిన్నిగారు దాన్ని దాచేది కాదు.

"ఊరందరికీ వంటిళ్ళు గీశారు మీ బాబాయి. నేను మాత్రం అద్దెవాళ్ళ పొయ్యిగట్టు మీద వండుతున్నా. నాకూ ఉందిలే ఇల్లు, గుర్రాలు తొక్కినచోట. గోడలు లేవంతే."

ఆ మాటను వేళాకోళమనుకునేవాళ్ళం. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆమె ఒక పని చేసేది. కూర్చోకుండా గది గదీ తిరిగి, "ఇక్కడ కిటికీ పెట్టారేం? వంటింటికి తూర్పు గాలి రానియ్యరా?" అని మా అమ్మను నిలదీసేది. సొంత ఇంట్లో మేస్త్రీని మందలించినట్లుండేది. అమ్మ ఎదురు చెప్పేది కాదు. పైగా ఆమె చెప్పినచోట కిటికీ తెరిపించింది కూడా. నాకది అమ్మ మెతకతనంలా తోచేది.

నాకు ఉద్యోగం వచ్చాక మా ఇంటి మీద పై అంతస్తు వేద్దామని ప్లాను గీసి నాన్నకు చూపించాను. ఆయన కాగితం తిరగేసి ఇచ్చి, "కట్టేముందు మీ పిన్నిగారిని ఒకమాట అడుగు" అన్నారు.

"ఆవిడని ఎందుకు?"

"ఈ స్థలం వాళ్ళదమ్మా."

అప్పుడు చెప్పారు. సొసైటీ స్థలాలు అమ్ముతున్న రోజుల్లో నాన్న చేతిలో ఉన్నది తక్కువ. కాలనీలో అన్నిటికంటే చవకైనది రౌండులో లోపలి స్థలం, అందులోనూ ప్రధానవీధి నైరుతి వైపు నుంచి తిన్నగా వచ్చి తాకేచోట ఉన్నది. సింహముఖానికి తోడు వీధిపోటు. మావాళ్ళల్లోనూ వాస్తు చూసేవారు లేకపోలేదు, నాన్న చూడరు. అదే కావాలని లాయంలోకి వెళ్ళి అడిగారు. బల్ల దగ్గర కూర్చున్నది ప్లానాయన.

"ఆ స్థలం వద్దండి మాస్టారూ. సింహముఖం."

"మాకు పట్టింపు లేదండి."

"వీధిపోటు కూడా ఉంది."

"నమ్మేవాళ్ళకి తగిలే పోటు మాకెందుకు తగులుద్దండి?"

"పడమటి ఎండ బాగా కొడుతుంది."

"వేపచెట్టు వేసుకుంటా."

అప్పుడు ప్లానాయన లేచి బయటికి తీసుకెళ్ళి, టీ ఇప్పించి, రౌండు అంచున నిలబెట్టి ఉన్న మాట చెప్పారు. లోపలి స్థలాలు ఎవరూ కొనకూడదనే తాను వాటిని అలా గీశానన్నారు. మైదానాన్ని వదిలేద్దామంటే సొసైటీ ఒప్పుకోలేదు. నిబంధన ప్రకారం విడవాల్సిన పార్కు వేరేచోట విడిచారు, ఇంకా ఎందుకన్నారు. స్థలాలుగా గీయక తప్పలేదు. గీయక తప్పనప్పుడు, ఎవరూ కోరుకోని రూపంలో గీశారు. వాస్తు తెలియకపోవడం కాదు, శుభ్రంగా తెలుసు. వాస్తు పట్టని మనిషి ఒకడు వస్తాడని మాత్రం ఊహించలేదు.

"మరి నాకు ఇల్లెక్కడండీ?" అన్నారు నాన్న.

"నా స్థలం తీసుకోండి. బయట, గోముఖం. ఇది నేను తీసుకుంటాను. మొదటిది పోతే మిగతావి ఆగవు మాస్టారూ."

"మీ ఇంట్లో అడిగారా?"

"ఇప్పుడెళ్ళి అడగాలి."

ఆయన స్థలం పిన్నిగారి పేరు మీద ఉంది. ఆమె సంతకం పెట్టింది. అడిగారా, చెప్పారా అన్నది తమ ఇంట్లో ఇంకా తేలలేదని ఆ తరువాత ఆమె చాలాసార్లు అంది. ఈ సంగతి ఎవరికీ చెప్పనని నాన్న మాట ఇచ్చారు. నాకు చెప్పింది కూడా నేను ఆ ఇంటి మీద ఇంకో ఇల్లు కట్టబోతున్నాను కనుకే. నేను పుట్టి పెరిగిన గదులు, నేను చదువుకున్న బల్ల, తూర్పు గాలి వచ్చే మా వంటింటి కిటికీ, అన్నీ ఒకరు వదులుకున్న స్థలంలో ఉన్నాయి. ఆ మధ్యాహ్నం నేను ప్లాను కాగితం చుట్టుకుని వాళ్ళ మేడ మెట్లెక్కాను. పిన్నిగారు చూసి, "పైన వంటిల్లు పెద్దది పెట్టు" అంది. అంతే.

ఆ మైదానం కోసం ఇంత ఎందుకు చేశారని ఆయన్నే అడిగాను. ఆయన "అట్లా కాదు, అట్లా కాదు" అని మొదలుపెట్టి చెప్పారు. సర్వేకు మొదటిసారి వచ్చినప్పుడు గుర్రాలన్నీ వెళ్ళిపోయి ఒక్కటే మిగిలి ఉందట. ముసలిది, రెండు కళ్ళూ పోయాయి. ఎవరూ కొనలేదు కనుక వదిలేశారు. అది పొద్దున్నే లేచి ఆ బాట వెంబడి తనంతట తానే తిరిగేది. బయట ఎత్తు, లోపల పల్లం. కాళ్ళకు తెలిసే దారి అది. ఈయన సర్వే బల్లను ముక్కాలి మీద సరిగ్గా ఆ బాట మీద నిలబెట్టారు. గుర్రం వచ్చి గుద్దేసింది. బల్ల పడిపోయింది. గుర్రం భయపడలేదు, అక్కడ ఏదో ఉండటమే వింత అన్నట్లు ఒకసారి వాసన చూసి, ముందుకు సాగిపోయింది.

"అప్పుడు బల్ల తీసుకెళ్ళి బయట పెట్టుకున్నాను అమ్మాయ్. అక్కడి నుంచే గీశాను."

తరువాత ఎన్నో ఏళ్ళకు, ఈమధ్యనే, కాలనీ పెద్ద బజారయింది. సొసైటీకి కొత్త ప్రెసిడెంటు వచ్చాడు. మిరపకాయలకు కోల్డ్ స్టోరేజీ నడుపుతాడు. మంచివాడు, పని జరగాలనుకునే మనిషి. కాలనీకి మంచినీళ్ళు చాలడం లేదు, మురుగుకాలవలు పాడయ్యాయి. రౌండులో షాపింగు కాంప్లెక్సు కడితే వాటన్నిటికీ దారి దొరుకుతుందని అతని ఆలోచన. లాయంలో సర్వసభ్య సమావేశం పెట్టాడు. మైకు వైరు గుర్రాల కడియాల్లోంచి దూర్చి వేశారు.

"సింహముఖం కాపురానికి పనికిరాదు గానీ, వ్యాపారానికి బ్రహ్మాండం అండి. వీధిపోటంటారా, బజారంతా మన షాపుల మొహాన్నే చూస్తా వచ్చిద్ది. ఇన్నాళ్ళూ మనం తెలవక వదిలేశాం" అన్నాడు.

హాలంతా తలలూపింది. బాబాయిగారు లేచి నిలబడ్డారు. ఆయన సభల్లో మాట్లాడగా అంతకుముందు నేను చూడలేదు.

"తెలియక వదల్లేదండి. తెలిసే గీశాను. మీరెవరూ కొనకూడదని గీశాను."

నాన్నకు చెప్పిన సంగతే అందరికీ చెప్పారు. మా స్థలం మాట మాత్రం చెప్పలేదు. వెనక వరుసలో ఒక రిటైర్డు గుమాస్తా లేచాడు.

"మా బావమరిది లోపలి స్థలం కొంటానంటే మీరే కదండీ అరిష్టమని వద్దన్నది?"

"నేనే."

"అంటే ఇన్నేళ్ళూ మమ్మల్ని మోసం చేశారన్నమాట."

"అవునండి. రెండోసారి చెయ్యలేక చెబుతున్నాను. బయటికెళ్ళి ఒకసారి ఆ మైదానం చూసి, మీ ఇష్టం వచ్చినట్లు చెయ్యండి."

ప్రెసిడెంటు కోప్పడలేదు. నవ్వాడు. "పెద్దాయనా, మీరు గీసిన సింహం ఇయ్యాళ మా వైపు తిరిగింది. ఏం చేస్తాం చెప్పండి" అని, పిన్నిగారి వైపు తిరిగాడు. ప్రధానవీధికి ఎదురుగా ఉన్న స్థలం ఆమెది. అది లేకుండా కాంప్లెక్సుకు ముఖం లేదు. ఆ ఒక్క స్థలమూ ఇస్తే, షాపుల వెనక, మైదానం తూర్పు చివర ఆమెకు సొంత ఇల్లు కట్టించి ఇస్తామన్నాడు. "ఇన్నాళ్ళు అద్దెకున్నారు పిన్నిగారూ. మాకే సిగ్గుగా ఉంది. మీరు ఎట్టా కావాలంటే అట్టా కట్టిస్తా" అన్నాడు. అతను మనస్ఫూర్తిగానే అన్నాడు.

అందరూ ఆమెను చూస్తున్నారు. బాబాయిగారు మాత్రం కిందికి చూస్తున్నారు.

"ఒకసారి గబగబా సంతకం పెట్టాను. ఈసారి ఆలోచించుకోనివ్వండి" అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే బాబాయిగారు మా ఇంటికి వచ్చారు. పెరట్లోకి వెళ్ళలేదు. హాల్లోనే కూర్చున్నారు. చంకలో ట్రేసింగు కాగితం చుట్ట ఉంది.

"అమ్మాయ్, మీ పిన్నికి ఇల్లు గీయాలి."

"మరి రౌండు, బాబాయిగారూ?"

"రౌండుకి చెయ్యగలిగింది చేశాను. ఆవిడకి చెయ్యలేదు."

ఊళ్ళో ఎందరి ఇళ్ళో అలవోకగా గీసిన మనిషి ఆ ఇంటి దగ్గర తడబడ్డారు. వంటిల్లు ఆగ్నేయాన పెట్టి చెరిపారు. పక్కకు జరిపి మళ్ళీ చెరిపారు. "ఆవిడ ఎటు తిరిగి వండుతుందో నాకు తెలీదమ్మాయ్. ఎప్పుడూ చూడలేదు" అన్నారు. నన్ను వాళ్ళ మేడ మీదకు పంపారు, చూసి రమ్మని. కిటికీ వైపు తిరిగి వండుతుందని వచ్చి చెప్పాను. కిటికీ గీశారు. వెడల్పుగా గీశారు. ఆ ఇల్లు చిన్నదేగానీ, నేను చూసిన ప్లానులన్నిటిలోకీ అంత జాగ్రత్తగా గీసినది లేదు.

కాగితం మీద తనకేమీ అర్థం కాదని పిన్నిగారు అంది. అందుకని ఒక ఆదివారం, నేను చర్చి నుంచి వచ్చాక, ముగ్గురం రౌండు తూర్పు చివరకు వెళ్ళాం. పునాదికి ముందు ముగ్గు పోసినట్లే, గోడలు వచ్చేచోట నేల మీద సున్నంతో గీద్దామన్నారాయన. ఆయన తాడు పట్టుకున్నారు, నేను సున్నం పోశాను. గుమ్మాలు వచ్చేచోట గీత ఆపాను. హాలు, పడకగది, వంటిల్లు తెల్లగా తేలాయి. పిన్నిగారు ప్లాస్టిక్ కుర్చీ తానే మోసుకొచ్చి, గుమ్మంలోంచి లోపలికి నడిచి, వంటింట్లో వేసుకుని కూర్చుంది.

ఎండ తగ్గింది. బాట మీదకు బళ్ళు రావడం మొదలైంది. సున్నపు గోడ బాటకు అడ్డంగా ఉంది. స్కూటరు నేర్చుకుంటున్న ఒక అమ్మాయి గీత దాకా వచ్చి బ్రేకు వేసింది.

"మామ్మగారూ, ఇట్టా పోవచ్చా?"

"నా వంటింట్లోంచా? బయట నుంచి పో."

ఆ అమ్మాయి నవ్వి, బండి వెనక్కి తిప్పుకుని, వీధి మీదుగా చుట్టి వెళ్ళింది. వీధిలో ఆటో ఒకటి హారను కొట్టేసరికి బెదిరి కాలు కింద పెట్టింది. పిన్నిగారు అది చూసింది. తరువాత కిటికీ ఉన్న వైపు తిరిగి కూర్చుంది. అక్కడి నుంచి రౌండు మొత్తం కనబడుతుంది.

"ఈ కిటికీలోంచి ఇదంతా కనిపిస్తదా?"

"ఇప్పుడు కనిపిస్తుంది పిన్నిగారూ. కాంప్లెక్సు వచ్చాక షాపుల వెనక గోడ కనిపిస్తుంది" అన్నాను. ఆ సున్నపు ఇంట్లో నిలబడి ఆమెకు అబద్ధం చెప్పలేకపోయాను.

బాబాయిగారు హాల్లో నిలబడి ఉన్నారు. ఆయన ఇంట్లో ఆయనకు కుర్చీ లేదు.

"ఏమండీ."

"ఊఁ."

"వంటిల్లు బాగా గీశారు."

"పెద్దది చెయ్యమంటావా?"

"వద్దు. చూసుకున్నాగా. ఇంక చాలు. ఆ అబ్బాయికి చెప్పండి, స్థలం ఇవ్వనని."

"మళ్ళీ ఆలోచించు. ఈసారి నేను అడగలేదు."

"అందుకే చెబుతున్నా."

తరువాత జరిగింది క్లుప్తంగా చెబుతాను. ఆమె తన స్థలాన్ని ఖాళీ జాగాగానే ఉంచాలన్న షరతుతో మునిసిపాలిటీకి రాసిచ్చింది. ముఖం లేని కాంప్లెక్సు ఎవరికీ అక్కర్లేకపోయింది. ప్రెసిడెంటు కొన్నాళ్ళు ముభావంగా ఉండి, నీళ్ళకోసం వేరే దారి వెతికాడు. పోయినవారం అతని కూతురు రౌండులో కారు నేర్చుకుంటుండగా చూశాను. బాబాయిగారు చివరివరకూ ఆ మేడ మీదనే ఉన్నారు. పిన్నిగారు ఇప్పటికీ అక్కడే ఉంది, మా పై అంతస్తులోకి రమ్మని నేను ఎంత పిలిచినా రాదు.

ఆ ఆదివారం మాత్రం, చీకటిపడబోతుండగా, ఆమె కుర్చీలోంచి లేచింది. కుర్చీ చేత్తో పట్టుకుని, వంటింటి గోడ మీదుగా, సున్నం చెప్పులకు అంటుతుంటే, రౌండుకు అడ్డంగా ఇంటి దారి పట్టింది. ఆయన ఆమె వెనకనే బయల్దేరబోయి ఆగారు. గీత తొక్కకుండా వెనక్కి తిరిగి, హాలు దాటి, గుమ్మంలోంచి బయటికి వచ్చి, అప్పుడు ఆమెను అందుకోవడానికి గబగబా నడిచారు.